చివరి మూడు పంక్తులు

ఇంగ్లిష్ పద్యాల మీద ప్రేమ పెంచుకుని నేను బాగుపడింది ఏమీ లేదు. సాహిత్యం మనిషిని ఉద్ధరిస్తుందని చెప్పే వ్యాసాలు బోలెడున్నాయి, ఇది ఆ బాపతు కాదని ముందే చెప్పేస్తున్నాను. నాచారంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఏళ్ళ తరబడి ఇంగ్లిష్ చెప్పాను. ప్రతి ఏడూ రెండో సెమిస్టర్లో ఒక సానెట్ వచ్చేది. రెండు వందల ఏళ్ళ కిందటిది, పద్నాలుగు పంక్తులు. ఎడారిలో ఒక రాజు విగ్రహం విరిగి ఉంటుంది. కాళ్ళు మాత్రం నిలబడి ఉంటాయి, మొండెం లేదు, మొహం సగం ఇసుకలో కూరుకుపోయింది. కింద దిమ్మె మీద ఆ రాజు తన గురించి తానే చెక్కించుకున్న గొప్పలు, నేను రాజులకు రాజును, బలవంతులారా, నేను కట్టించినవి చూసి కుమిలిపోండి అని. ఆ గొప్పలు అయిపోయాక ఇంకో మూడు పంక్తులుంటాయి. నా ఉద్యోగం పోయిన కథ ఆ మూడు పంక్తులతో ముడిపడి ఉంది.

మా కాలేజీలో పాఠం కన్నా 'మెటీరియల్' ముఖ్యం. పాఠాన్ని ప్రశ్నలూ జవాబులుగా విరిచి, జిరాక్స్ తీసి, స్పైరల్ బైండింగ్ చేసి ఇస్తే దాన్ని మెటీరియల్ అంటారు. పిల్లలు దాన్ని బట్టీ పడతారు, దిద్దేవాళ్ళు అందులోని మాటలు కనిపిస్తే టిక్కు పెడతారు. పద్యం అసలు చదవకుండా పద్యం మీద పది మార్కుల జవాబు రాసేవాళ్ళు మా దగ్గర కొల్లలు. నేను కూడా మెటీరియల్ ఇచ్చాను, ఇవ్వక తప్పదు. కానీ ఈ ఒక్క సానెట్ దగ్గరికొచ్చేసరికి దాన్ని పక్కన పడేసేదాన్ని. ఏడాదికి ఒక్క క్లాసైనా నాకోసం చెప్పుకోవాలి కదా!

సానెట్‌లో మలుపు అంటే ఏమిటో చెప్పడానికి పాఠ్యపుస్తకం ఇచ్చిన నిర్వచనం ఎవరికీ ఎక్కేది కాదు. నేను ఉప్పల్ రింగ్ రోడ్డును అడ్డం పెట్టుకునేదాన్ని. "మీరు రోడ్డుకి ఇవతల ఉన్నారు. మీకు కావలసిన షాపు అవతల కనబడుతూనే ఉంది. మధ్యలో డివైడర్. ఏం చేస్తారు?" అంటే క్లాసంతా ఒక్క గొంతుతో "యూటర్న్ మేడం" అనేది. అదే మలుపు. ముందుకు పోయి తిరిగి వస్తే అదే షాపు ముందు ఆగుతాం, ఇందాక బోర్డు మాత్రమే కనిపించింది, ఇప్పుడు లోపల ఏముందో కనిపిస్తుంది. ఆ రాజు గొప్పలు కూడా అంతే. ముందు వింటే గొప్పలు. చివరి మూడు పంక్తులు దాటి వెనక్కి తిరిగి వింటే నవ్వొస్తుంది.

ఆ పద్యంలో ప్రాసలు కూడా బుద్ధిగా ఉండవు. ఒక జత ముగియకముందే ఇంకో జత మొదలవుతుంది, ఎనిమిది పంక్తుల్లో ముగిసిపోవలసింది తర్వాతి ఆరు పంక్తుల్లోకి జారిపోతుంది. సానెట్‌కి అంత కట్టుదిట్టమైన పద్ధతి ఉంటే ఈ కవి ఎందుకు తప్పాడు అని అడిగేదాన్ని. ఎవరూ చెప్పకపోతే నేనే చెప్పేదాన్ని, ఆ రాజు కట్టించింది మాత్రం కట్టినట్టు నిలిచిందా అని. ఇంకా ఆ గొప్పలు మన దాకా ఎలా వచ్చాయో చూడమనేదాన్ని. రాజు అన్నాడు, శిల్పి చెక్కాడు, ఎవరో బాటసారి చదివాడు, అతను కవికి చెప్పాడు, కవి మనకు చెప్పాడు. లోకాన్ని గడగడలాడించిన మాట చివరికి ఆ నోటా ఈ నోటా పడి వచ్చిన కబురైంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవాడు ఆ శిల్పి. రాజు మొహంలో ఎంత అహంకారం ఉందో, పెదవి మీద ఎంత ఈసడింపు ఉందో అంతా ఉన్నది ఉన్నట్టు రాతిలో దింపాడు. రాజు అది చూసుకుని మురిసిపోయే ఉంటాడు. రాజు ఎదురుగా నిలబడి రాజునే తిట్టి, ఆ తిట్టుకు రాజు దగ్గరే కూలి పుచ్చుకున్నాడు. అతని పేరు మాత్రం పద్యంలో ఎక్కడా లేదు. ఇదంతా చెప్పి, చివరి మూడు పంక్తులు నెమ్మదిగా చదివి, పుస్తకం మూసేదాన్ని. ఒక ఏడు వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు, "మేడం, గింతేనా? పేరు గొప్ప, ఊరు దిబ్బ!" అన్నాడు. నా మొత్తం సర్వీసులో నేను విన్న మంచి జవాబు అదే. దానికి మెటీరియల్ ప్రకారం సున్నా మార్కులు.

రెండేళ్ళ కిందట, వేసవికి ముందు, ప్రిన్సిపాల్ పిలిచాడు. కామర్స్ చెప్పి పైకొచ్చిన మనిషి. అరవడు, తిట్టడు, టీ తాగించకుండా పంపించడు. చైర్మన్‌ను మేం ఎవ్వరం పెద్దగా చూడలేదు కానీ ఆయన ఫోటో ప్రతి గదిలో ఉండేది. మా కాలేజీకి నారపల్లిలో ఒకటి, అన్నోజిగూడలో ఒకటి బ్రాంచీలు కొత్తగా తెరిచారు.

"మీ సానెట్ క్లాసు మస్తుంటదని పిల్లలు జెప్తున్నరు మేడం," అన్నాడు ప్రిన్సిపాల్. "గది రికార్డు జేద్దాం. మూడు బ్రాంచీలల్ల జూపెడ్తం. మీ పేరు గూడ ఏస్తం."

"రికార్డు చేస్తే ఇక నేనెందుకు సార్?" అని మొహం మీదే అడిగాను.

"అరే, గట్లంటరేంది! వీడియో వీడియోనే, మనిషి మనిషే. జూన్ల మీ రెన్యూవల్ నేను జూస్కుంట. ఫికర్ జెయ్యకుండ్రి."

మా ఉద్యోగాలన్నీ ఏడాది ఉద్యోగాలు. ప్రతి జూన్‌లో కొత్తగా సంతకం పెడితేనే ఉన్నట్టు. ఆ జూన్‌ను చేతిలో పట్టుకుని అడిగేవాడికి కాదని చెప్పడం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు. మా స్టాఫ్ రూములో లెక్కలు చెప్పే సార్ మాత్రం, "మేడం, కూసున్న కొమ్మనే నరుక్కుంటున్రు," అన్నాడు. ఆయనకు వీడియో పిలుపు ఇంకా రాలేదు. తర్వాత ఆయనకూ వచ్చింది.

షూటింగ్ మా సెమినార్ హాల్లో. తీసినాయన మల్లాపూర్‌లో పెళ్ళి వీడియోలు తీసే మనిషి. గొడుగులాంటి లైట్లు రెండు పెట్టి, నా వెనక గోడకు పెళ్ళి రిసెప్షన్‌లో వాడే తెల్ల పరదా కట్టాడు. "మేడం, జర నవ్వుండ్రి," అన్నాడు.

"ఇది నవ్వే పద్యం కాదండీ."

"పెండ్లిపిల్ల లెక్క కాదు మేడం. జర లైట్‌గ."

నవ్వాను. ఒక్కసారి మొదలుపెట్టాక ఎదురుగా పిల్లలు లేరన్న సంగతి మరిచిపోయాను. యూటర్న్ చెప్పాను, ప్రాసలు చెప్పాను, శిల్పి గురించి చెబుతుంటే కెమెరా వెనక ఆయన తల ఊపడం కనిపించింది. చివరి మూడు పంక్తులు చదివినప్పుడు నా గొంతు నాకే బాగుందనిపించింది. లైట్లు ఆర్పాక ఆయన, "గా విగ్రహం జేసినాయన పేరేంది మేడం?" అని అడిగాడు. తెలీదు, పద్యంలో లేదు అన్నాను. "మా లెక్కనే ఉన్నది గద. పెండ్లి ఆల్బంల అందరుంటరు, మేముండం," అన్నాడు. ఇన్నేళ్ళలో నాకు దొరికిన మంచి శ్రోతల్లో ఆయన ఒకడు అనుకుంటూ ఇంటికొచ్చాను.

జూన్ వచ్చింది. ప్రిన్సిపాల్ టీ తెప్పించాడు. ఈ ఏడు స్ట్రెంత్ తక్కువుంది, సెక్షన్లన్నీ కలిపి ఒకే హాల్లో స్క్రీన్ మీద చూపిస్తున్నాం, మేనేజ్‌మెంట్ డిసిషన్, నా చేతిల ఏం లేదు మేడం అన్నాడు. రెన్యూవల్ సంగతి తను చూసుకుంటానన్న మాట ఇద్దరికీ గుర్తుంది, ఇద్దరం దాని పేరెత్తలేదు. ఏరు దాటి తెప్ప తగలేయడం అంటారు, నన్ను తగలేయడానికి నా చేతే కట్టెలు మోయించారు. టీ చల్లారిపోయేదాకా అక్కడే కూర్చున్నాను.

మా ఆయన ప్రభుత్వ ప్రయోగశాలలో పని చేస్తాడు. కొలతకు దొరకనిది ఏదీ ఆయనకు వస్తువు కాదు. "కోడిగుడ్డు మీద ఈకలు పీకినందుకు ఇన్నాళ్ళూ జీతమిచ్చారు, సంతోషించు," అన్నాడు. ఓదార్పు అనుకునే అన్నాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఉప్పల్లో మా ఇంటి పై వాటాలో ఒక రైల్వే ఉద్యోగి కుటుంబం అద్దెకుంటుంది. వాళ్ళమ్మాయి మా కాలేజీ నారపల్లి బ్రాంచీలోనే చేరింది. చురుకైన పిల్ల, ఆంటీ ఆంటీ అంటూ నా చుట్టూ తిరుగుతుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం మెట్ల మీద నుంచి నా గొంతు వినబడింది. నేను వంటింట్లో ఉన్నాను, నా గొంతు మెట్ల మీద ఉంది. అదీ పరుగులు పెడుతూ, చిలక పలుకులా. ఆ పిల్ల స్పీడు పెంచి పాఠం వింటోంది. వెళ్ళి పక్కన కూర్చుని మామూలు స్పీడులో మొదటి నుంచి పెట్టమన్నాను.

ముందు చైర్మన్ ఫోటో, దాని మీద గులాబీ రేకులు రాలాయి. తర్వాత నేను, కింద నా పేరు ఉండవలసిన చోట 'ఇంగ్లిష్ విభాగం' అని ఉంది. ఇసుక అన్నచోట ఇసుక దిబ్బలు వచ్చాయి, వాటి మీద ఎందుకో ఒక ఒంటె నడిచిపోయింది. యూటర్న్ ఉంది. శిల్పి లేడు. ప్రాసలు లేవు. రాజు గొప్పలు మాత్రం తెర నిండా బంగారు రంగు అక్షరాల్లో వచ్చాయి, వెనక డప్పులూ సన్నాయీ, ఆ అక్షరాల పక్కన చేతులు కట్టుకుని నిలబడిన చైర్మన్. అక్కడితో ధన్యవాదాలు. వీడియో అయిపోయింది.

"మిగతాది ఏది?" అన్నాను.

"గింతే ఉంది ఆంటీ. మస్తు మోటివేషనల్ గద! గా రాజు లెక్క మనం గూడ పెద్దగ ఆలోచించాలె అని."

రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడిని మనం ఎగతాళి చేస్తాం. ఈ పిల్లను ఏమనాలి? రామాయణంలోంచి సీతను తీసేసి వినిపించారు. నా గొంతుతోనే వినిపించారు. ఆ నిమిషంలో నాకు ఉద్యోగం పోయినందుకన్నా దీనికే ఎక్కువ మండింది.

ఆ పిల్లను కదలనివ్వకుండా అక్కడే మెట్ల మీద చివరి మూడు పంక్తులు చదివి చెప్పాను. ఆ గొప్పలు అన్నాక చుట్టూ చూస్తే ఏమీ లేదు, విరిగిన రాయి, దాని చుట్టూ కనుచూపు మేర ఇసుక, అంతే. ఆ పిల్ల వీడియోను వెనక్కి జరిపి బంగారు అక్షరాల దగ్గర ఆపింది. చైర్మన్ ఫోటో వంక చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది.

"ఆంటీ! అంటే రాజును తిడ్తున్నడా కవి? చివర్లనే అసలుదుంది గద!"

అర్థమైంది. రెండు నిమిషాల్లో అర్థమైంది. నా ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో, పరీక్షలో అదే రాయి, వ్యంగ్యం అంటే అదే అన్నాను.

ఆ పిల్ల మొహం మళ్ళీ మామూలుగా అయిపోయింది. "గట్ల రాస్తే మార్కులు పోతయ్ ఆంటీ. కీల లేదు," అంది. ఆ గ్రూపు కాలేజీలన్నింటికీ కలిపి ఒక పరీక్ష పెడతారు. దానికి జవాబుల కీ ఆ వీడియో చూసే తయారు చేశారట.

వీడియో తీసిన మల్లాపూర్ ఆయనకు ఫోన్ చేసి దులిపేశాను. ఆయన నా మాటలన్నీ ఓపిగ్గా విన్నాడు. "పొడుగైంది మేడం, తగ్గియ్యమని సార్ జెప్పిండు. యాడ తగ్గియ్యాలె? పెండ్లి వీడియోల గూడ అప్పగింతలే కట్ జేస్తం. ఏడుపు ఎవరు జూస్తరు? మీది గూడ లాస్ట్‌కొచ్చేసరికి జర దుఃఖమున్నది, గందుకే తీసేసిన." శిల్పిని ఎందుకు తీసేశారని అడిగితే, అయ్యో, గాయనకు పేరే లేదంటిరి కదా మేడం అన్నాడు. నిజంగా బాధపడే అన్నాడు. ఆయన్ని ఇంకేం అంటాం? ఫోన్ పెట్టేశాను.

తర్వాత కొన్నాళ్ళకు అడ్మిషన్ల సీజను వచ్చింది. ఒక పొద్దున ఉప్పల్లో బస్సు కోసం నిలబడి తలెత్తితే ఎదురుగా ఫ్లెక్సీ. చైర్మన్ చేతులు కట్టుకుని ఉన్నాడు. ఆయన తల పైన రాజు చెక్కించుకున్న గొప్పలు, అవే బంగారు అక్షరాలు, కింద మూడు బ్రాంచీల ఫోన్ నంబర్లు. రెండు వందల ఏళ్ళుగా లోకమంతా నవ్వుకుంటున్న మాటను ఈయన తన నెత్తి మీద మోస్తూ నడిరోడ్డులో నిలబడ్డాడు. మొదట నవ్వొచ్చింది. పకపకా నవ్వాను, పక్కనున్నామె జరిగి నిలబడింది. చుట్టూ చూస్తే అంత పెద్ద ఫ్లెక్సీ చూసి నవ్వుతున్నది నేనొక్కదాన్నే. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

నాకు ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ ఇంకా ఇవ్వలేదు. దానికోసం నాచారం వెళ్ళినప్పుడు ప్రిన్సిపాల్ టీ తెప్పించాడు. "ఫ్లెక్సీ జూసిన్రా మేడం? మీ లెసన్ల మాటే. చైర్మన్ సార్‌కు మస్తు నచ్చింది," అన్నాడు గర్వంగా.

"ఆ మాట అన్నవాడికి కాళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు సార్. పద్యం మొత్తం ఆయన్ని వెక్కిరించడానికే రాశారు. ఆ మాట పెట్టి చైర్మన్ గారి ఫోటో వేస్తే, తెలిసినవాళ్ళు నవ్వుతారు."

ఆయన భయపడతాడనుకున్నాను. వెంటనే ఫోన్ తీసి ఎవరికో చెప్పి దాన్ని దించేయిస్తాడనీ, నా అవసరం ఒకటి ఉందని ఇప్పటికైనా ఎవరికో ఒకరికి తెలుస్తుందనీ ఆశపడ్డాను. ఆశ చెడ్డది.

ఆయన టీ కప్పు నా వైపు జరిపాడు. "తెల్సినోళ్ళు ఎవలున్నరు మేడం?" అన్నాడు. వెటకారం కాదు, లెక్క చూసుకుంటున్నాడు. "పిల్లలు వీడియో జూసిన్రు, దాన్ల లేదు. వాళ్ళ అమ్మనాయినలకు ఇంగ్లిష్ రాదు. లెక్చరర్లు గిప్పుడు ఎవలు లేరు. ఒక్క మీకే తెల్సు. మీరు గూడ ఈడ లేకపోతిరి." సర్టిఫికెట్ మీద ముద్ర వేసి, రెండు చేతులతో ఇచ్చాడు. నేను టీ తాగకుండా వచ్చేశాను.

పద్యంలో ఆ రాజుకు కాలం బుద్ధి చెప్పింది. ఏదో ఒకరోజు ఉప్పల్లో కూడా గాలివాన వస్తుందిలే అని కాచుకుని కూర్చున్నాను. వచ్చింది. చెట్లు విరిగాయి, కరెంటు పోయింది, రింగ్ రోడ్డు దగ్గర బట్టల షాపు ఫ్లెక్సీ, పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలు అన్నీ పేలికలయ్యాయి. మర్నాడు పనిగట్టుకుని వెళ్ళి చూశాను. ఇది చెక్కుచెదరలేదు. ఇనుప ఫ్రేము వేయించారు.

పరీక్షలైపోయి ఫలితాలొచ్చాయి. ఒక సాయంత్రం పై వాటా అమ్మాయి లడ్డూల డబ్బా పట్టుకుని పరుగెత్తుకుంటూ మెట్లు దిగింది. ఇంగ్లిష్‌లో మూడు బ్రాంచీలకూ కలిపి ఆమే ఫస్టు. "అంతా మీ లెసన్ వల్లనే ఆంటీ!" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ సంతోషం అబద్ధం కాదు.

"ఆ సానెట్ ప్రశ్న వచ్చిందా?" అన్నాను.

"అచ్చింది ఆంటీ. పదికి పది."

"ఏం రాశావు?"

ఆ పిల్ల తల వంచుకుంది. "కీల ఉన్నదే రాసిన. మీరు జెప్పింది యాదికుంది ఆంటీ, రాసేటప్పుడు గూడ యాదికొచ్చింది. మూడు లైన్లు మొత్తం అచ్చినయ్. కని రాయలే." తర్వాత తల ఎత్తి, దాచుకోలేక ఫోన్ తీసి చూపించింది. కొత్త ఫ్లెక్సీ, ఆ పొద్దునే కట్టారట. చైర్మన్ పక్కన గుండ్రటి చట్రంలో ఆ పిల్ల ఫోటో, రెండు జడలు, నుదుటన బొట్టు, చక్కటి నవ్వు. ఇద్దరి తలల మీదా ఆ రాజు మాటలు. ఆ మూడు బ్రాంచీల్లో చివరి మూడు పంక్తులు తెలిసిన విద్యార్థి ఈ పిల్ల ఒక్కతే. ఆ ఫ్లెక్సీ మీదికి ఎక్కిందీ ఈ పిల్లే.

"ఫోటో మంచిగొచ్చిందా ఆంటీ?" అంది.

చాలా బాగా వచ్చిందన్నాను. లడ్డూ తీసుకోమంది. తీసుకున్నాను.